మబ్బుకు భయపడటం నేర్పిన మా మామ

మా మామ పోయాడని తంతి వచ్చేసరికి నేను హైదరాబాదు విమానాశ్రయంలో ఉన్నాను. అప్పుడే విమానం దించి వచ్చి, టోపీ తీసి బల్ల మీద పెడుతున్నాను. తంతిలో రెండే ముక్కలు. మిగతాది ఊరికి పోయాక తెలిసింది. బడికి బయల్దేరుతూ ఒక చెప్పు తొడుక్కున్నాడట, రెండోది తొడుక్కోకముందే గుమ్మంలో పడిపోయాడట. డాక్టరు వచ్చేలోపే అయిపోయింది. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇంత తొందరేమిటయ్యా నీకు, అని. బతికినన్నాళ్లూ ఏ పనీ నిదానంగా చేసిన మనిషి కాడు, ఇది కూడా అట్లాగే చేశాడు.

ఈ నాలుగు మాటలు రాద్దామని వారం నుంచీ కూర్చుంటున్నాను, లేస్తున్నాను. కాలు నిలవడం లేదు. కిటికీ దాకా పోయి ఆకాశం చూసి వస్తున్నాను. ఈ జబ్బు కూడా ఆయన అంటించిందే.

మీలో చాలామందికి ఆయన తెలియదు. మా అమ్మకు తమ్ముడు. కుందుర్పి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల సారు. ఊరి బయట కొంత మెట్ట చేను ఉండేది. ఏటా అందులో శెనక్కాయ విత్తేవాడు, ఏటా తల పైకెత్తి ఆకాశం చూసేవాడు. అంతకంటే ఆయన గురించి పెద్దగా చెప్పుకునేదేమీ లేదు. అయితే ఇవాళ నేను విమానం నడిపి అన్నం తింటున్నానంటే అది ఆయన చలవ. ఆయన విమానం ఎక్కింది లేదు, దగ్గరగా చూసిందీ లేదు.

మామ కూర్చోగా చూసినవాళ్లు తక్కువ. బళ్లో కుర్చీ ఉండేది, దాని మీద ఆయన కండువా కూర్చునేది. ఇంట్లో కంచం చేతిలో పట్టుకుని వసారాలో అటూ ఇటూ తిరుగుతూ సంగటి తినేవాడు. "మనిషివా, గానుగెద్దువా?" అని అత్త కసిరేది. "కూర్చుంటే బుర్ర గూడా కూర్చుంటాది లేవే" అనేవాడు. బస్సు కోసం కాచుకోవడం ఆయన వల్ల అయ్యేది కాదు. కళ్యాణదుర్గం రోడ్డు పట్టుకుని నడిచేవాడు. బస్సు వెనక నుంచి వచ్చి దారిలో ఎక్కించుకునేది. డ్రైవర్లకందరికీ అలవాటైపోయింది. ఎక్కిన తర్వాత కూడా సీటుంటే వేరేవాళ్లకిచ్చి తాను నిలబడేవాడు.

నేను ప్రభుత్వం వారి ఉపకార వేతనంతో బెంగుళూరులో విమానం నడపడం నేర్చుకున్నాను. లైసెన్సు చేతికొచ్చింది గానీ ఉద్యోగం రాలేదు. ఒక విమాన కంపెనీ పరీక్షలకు పిలిస్తే మద్రాసు పోయాను. పొద్దున యంత్రం పరీక్ష. కుర్చీలో కూర్చోబెట్టి చేతికొక కర్ర, కాళ్లకు రెండు పెడళ్లు ఇచ్చారు. ఎదురుగా ఒక దీపపు చుక్క పరుగెడుతుంటే దాన్ని వదలకుండా తరమాలి. మధ్యలో పక్కనుంచి ఒకాయన లెక్కలడుగుతుంటాడు. ఏదో ఈడ్చుకొచ్చాను.

మధ్యాహ్నం కంపెనీ పెద్దల బోర్డు ముందు బొమ్మల పరీక్ష. చూడగానే తోచిన మాట చెప్పాలి, ఆలోచించకూడదు. ఒక బొమ్మలో చిన్న విమానం, దానికెదురుగా కొండంత నల్లమబ్బు. "మంచి కాలం" అన్నాను.

నోరు జారి అన్నది కాదు, మనసులోంచి వచ్చింది. మద్రాసు పిల్లలు, బొంబాయి పిల్లలు అదే బొమ్మకు ప్రమాదం అన్నారట, తుఫాను అన్నారట. వానకు మొహం వాచిన మా వైపు పుట్టినవాడు ఎవడైనా నల్లమబ్బును చూసి ఇంకేమంటాడు? బోర్డులో తెల్లమీసాల కెప్టెన్ ఒకాయన ఉన్నాడు. ఆయన కళ్లజోడు సవరించుకుని, "మంచి కాలమా?" అన్నాడు. నాకు చెమటలు పట్టాయి. అందులోకి పోతే విమానం పిడకలా విరుగుతుందని నాకు తెలియదా? లైసెన్సు ఊరికే ఇచ్చారా? గబగబా అదంతా అప్పజెప్పాను. ఆయన చేయి అడ్డం పెట్టి, "మాకు నీకు తెలిసింది వద్దు, నీకు తోచింది కావాలి" అన్నాడు.

ఉద్యోగం రాలేదు. ఇంకొక్కసారి పిలుస్తారట, ఆ తర్వాత ఇక పిలవరట.

ఇంటికొచ్చేసరికి నాయన తాడిపత్రిలో బండలు కోసే కార్ఖానాలో నాకు గుమాస్తా పని మాట్లాడి పెట్టాడు. "గాల్లో తిరిగింది చాలు, నేల మీద పని చూసుకో" అన్నాడు. ఆయన తప్పు కూడా లేదు, వరసగా పంటలు పోతున్నాయి. సంగతి విని మామ వచ్చాడు. బొమ్మ సంగతి చెప్పాను. పగలబడి నవ్వాడు, నవ్వి నవ్వి ఉన్నట్టుండి ఆగాడు.

"నేనైనా అదే చెప్పుంటి కదరా" అన్నాడు మెల్లగా. తర్వాత మా నాయన వైపు తిరిగాడు. "బావా, రెండోసారి పిలిచేదాకా వీన్ని నాకిడిసిపెట్టు. అప్పటికీ కాకపోతే నేనే తాడిపత్రి బస్సు ఎక్కిస్తా."

అట్లా మామ ఇంటికి చేరాను. అత్త బట్టలు కుట్టే మిషను మాకు విమానమైంది. కాళ్లతో మిషను తొక్కుతూ, గుడ్డ మీద సున్నంతో గీసిన వంకర గీత వెంబడి కుట్టు పోవాలి. మామ నా చుట్టూ తిరుగుతూ లెక్కలు విసిరేవాడు, మధ్యలో పలక మీద గడియారం బొమ్మ గీసి చూపించి చటుక్కున వెనక్కు దాచేవాడు. "గంటెంత? ముల్లు యాడుండాది? చెప్పు, చెప్పు!" నేను గడియారం చెప్పేసరికి కుట్టు గీత దాటిపోయేది. అత్త నెత్తి కొట్టుకునేది. "నా మిషను ఇరగ్గొట్టేదాకా నిద్దర పట్టదేమప్పా మామా అల్లుళ్లకు! ఆ గుడ్డ రవికెకు తెచ్చింది!" ఆ రవికె ఆమె వేసుకుంది కూడా. వీపున కుట్టు పాములా మెలికలు తిరిగి ఉండేది.

యంత్రం సంగతి అట్లా లొంగింది. లొంగనిది మబ్బు, మా యాసలో మోడం.

"నీకు తెలివి తక్కువై కాదురా అల్లుడా" అన్నాడు మామ. "నీకు భయం లేదు. మోడాన్ని చూస్తే కడుపులో భయం పుట్టాల. అది నేర్పిస్తా పద."

ఊరి బయట గుట్ట మీదికి తీసుకుపోయేవాడు. అది వానాకాలం, పేరుకు. ఒక వానకు విత్తనానికి సరిపోయే పదునైంది, శెనక్కాయ మొలిచింది, ఆ తర్వాత చుక్క రాలలేదు. పడమట ఎప్పుడైనా మబ్బు లేస్తే ఊరంతా చేసే పని పక్కన పెట్టి చూసేది. మేం మాత్రం గుట్ట మీద నిలబడి దాన్నుంచి తప్పుకునే కసరత్తు చేసేవాళ్లం. నేను చేతులు చాపి, "నల్లది, ఎడమ పక్క! కుడికి తిప్పుతున్నా!" అని అరవాలి, అరిచి నిజంగానే కుడికి తిరగాలి. మామ ఎదురుగా నిలబడి నా ముఖం పరీక్షించేవాడు.

"నవ్వుతాండావు రా!"

"లేదు మామా."

"నోరు మూసుకుండావు సరే, కండ్లు నవ్వుతాండాయి. మొగం సరిజేసుకో!"

ఎట్లా సరిచేసుకుంటారండీ? చల్లగాలి తగులుతుంటే, తడిమట్టి వాసన ఎక్కడినుంచో వస్తుంటే, ముఖం ముడుచుకోమంటే ఎట్లా ముడుచుకుంటుంది? ఒకరోజు విసుగొచ్చి, "నావల్ల కాదు, బండలే కోయిస్తాను" అన్నాను. మామ గుట్ట దిగి, మళ్లీ ఎక్కి వచ్చి, "ఇంగోసారి" అన్నాడు.

ఒక సాయంత్రం మంచి మబ్బు వచ్చింది, కడుపుతో ఉన్న గేదెలా బరువుగా. మేం మా కసరత్తు చేశాం. అది మా ఊరి నెత్తిమీద కాసేపు నిలబడి, ఏమనుకుందో ఏమో, ఉత్తరంగా కణేకల్ వైపు సాగిపోయింది. అక్కడ కాలువ నీళ్లున్నాయి, వాళ్లకు మా అంత కరువు లేదు. మర్నాడు పొద్దున్నే నలుగురు రైతులు మామ ఇంటి ముందు నిలబడ్డారు. అందులో ఒక ముసలాయన కర్ర నేలకు కొట్టి మొదలుపెట్టాడు.

"ఏమప్పా సారూ, మీరిద్దరూ గుట్టెక్కి మోడాన్ని పొమ్మని సైగ చేస్తాండారంట?"

"పొమ్మనడం లేదన్నా, మేమే తప్పుకుంటాండాం. వీని పరీక్ష కోసరం."

"ఏదో ఒకటి. అది పోయిందా లేదా?"

"నా చేను గూడా ఎండతాండాది కదన్నా. రమ్మంటే వచ్చేదీ పొమ్మంటే పోయేదీ అయితే నేనెప్పుడో పిలిచుండనా?"

ముసలాయన తలాడించాడు. "పిలిస్తే రాదు, సరే. పొమ్మనేది ఎందుకు?"

మామ లెక్కల మనిషి, దేనికైనా జవాబు చెప్పేవాడు. దీనికి మాత్రం వసారా ఆ చివరిదాకా నడిచి తిరిగొచ్చాడు. ముసలాయనే మెత్తబడి, "తెల్లవాటికి చేసుకోండప్పా, నల్లవాటి జోలికి పోవద్దండి" అన్నాడు.

"తెల్లవాటికి భయపడేవానికి ఉద్యోగమెవరిస్తారన్నా?" అన్నాడు మామ. వాళ్లు గొణుక్కుంటూ పోయారు. తర్వాత కూడా మేం గుట్ట ఎక్కాం, అరవడం మాత్రం మానేశాం. "మెల్లగా తప్పుకో, ఊరికి ఇనపడకుండా తప్పుకో" అనేవాడు.

ఆ కాలమంతటిలో నాకు బాగా గుర్తున్నది ఒక మధ్యాహ్నం. ఆ ఏటికి చివరి ఆశ అనదగ్గ మబ్బు పడమట లేచింది. గుట్ట కింద మామ చేను కనబడుతోంది, ఆకులు ముడుచుకుపోయి బూడిదరంగుకు తిరిగింది. ఆ వాన ఒక్కటి పడితే కాయ నిలుస్తుంది. ఎవరైనా ఆ మబ్బునే చూస్తూ ఉండిపోతారు. మామ మబ్బుకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఉరుము వినబడినా వెనక్కు తిరగలేదు. నా ముఖమే చూస్తున్నాడు. నాకు నవ్వు రాలేదు, నవ్వే ఊసే లేదు.

"ఆ, ఇదీ మొగమంటే" అన్నాడు. మబ్బు నాలుగు చినుకులు రాల్చి దారిన పోయింది. చేను ఎండిపోయింది.

రెండోసారి మద్రాసు పోయాను. యంత్రం దగ్గర దీపపు చుక్కను అత్త మిషను తొక్కినట్టే తరిమాను. బోర్డులో అదే తెల్లమీసాల కెప్టెన్. బొమ్మల్లో మళ్లీ మబ్బు. "ప్రమాదం, తప్పుకుంటాను" అన్నాను. నా ముఖం ఎట్లా పెట్టానో తెలియదు గానీ ఆయన ఆందోళనగా, "కడుపులో నొప్పిగా ఉందా?" అని అడిగాడు. ఇక దాచేదేముంది? గుట్ట, మామ, రైతులు, అంతా చెప్పేశాను. బోర్డు బోర్డంతా నవ్వింది. కెప్టెన్ మాత్రం నవ్వు ఆపి, "మీ మామ పంట ఏమైంది?" అన్నాడు.

"ఎండిపోయింది సార్."

ఆయన కాసేపు కాగితాలు సర్దుకుని పెట్రోలు లెక్క ఒకటి అడిగాడు. అది మామ మిషను దగ్గర విసిరే లెక్కల కంటే తేలిక.

ఉద్యోగం వచ్చిన రోజు మామ ఇంట్లో స్వీట్లు పంచలేదు, నన్ను వాటేసుకోలేదు. వసారాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తూ, "ఎన్ని ఇంజన్లు? ఎంత ఎత్తు? మోడం ఎదురొస్తే ఎంత దూరంలో తిప్పాల?" అని ఒకటే ప్రశ్నలు. నేను బెంగుళూరు హైదరాబాదుల మధ్య తిరగడం మొదలుపెట్టాక, టిక్కెట్టు తీస్తాను రమ్మని ఎన్నోసార్లు పిలిచాను. "అంతసేపు కూర్చోవాల కదరా, నా వల్ల యాడైతాది" అని తప్పించుకున్నాడు.

కర్మ అయిన తర్వాత అత్త పక్కన కూర్చున్నాను. ఆమె ఏడ్చి ఏడ్చి అలసిపోయి ఉంది. ఏదో ఒకటి మాట్లాడాలని, ఈ ఏడు చేను ఎట్లా ఉందని అడిగాను.

"వాన లేదు నాయనా" అంది. తర్వాత నా వైపు అదోలా చూసింది. "నిన్ను ఆ పనికి పంపించినాంక మీ మామ మారిపోయినాడు. నీ విమానం ఏ పొద్దు మన మీదుగా పోతాదో ఆయనకు తెల్సు. ఆ పొద్దుకు మోడం లేసిందంటే చాలు, చేన్లోకి ఉరుకుతాండె. మొగమంతా చెమట. నీకు నేర్పిచ్చిన భయం నీకొచ్చిందో లేదో గానీ ఆయనకు పట్టుకునె."

"ఏం చేసేవాడత్తా?"

"ఏం జేస్తాడు? 'ఉండు, రోంత ఉండు, పిల్లోడు దాటిపోనీ, ఆ తర్వాత పడుదువు' అని దాన్ని బతిమాలతాండె. ఊర్లో అందరూ చూస్తాండ్రి. ఆయనకు సిగ్గు గూడా లేకపాయె."

అప్పుడు ఏడ్చాను, అంతవరకూ రానిదంతా వచ్చింది. నిన్న మళ్లీ ఆ దారినే విమానం తెచ్చాను. మబ్బులేమీ లేవు, కింద నేల ఎర్రగా, ఖాళీగా ఉంది. ఏ చేను మామదో అంత ఎత్తు నుంచి తెలియదు. నాకు మాత్రం ఆయన కనబడుతూనే ఉన్నాడు, ఎండిపోతున్న శెనక్కాయ మధ్యన నిలబడి, తన చేనుకొచ్చే వానకు చెయ్యి అడ్డం పెట్టి.