రేషన్ బెల్లంతో బోనాలు

శుక్రవారం ఉదయం 5:40కి మా మిలిటరీ లారీలు భూపాలపల్లి దాటి ఒక ఊరి స్కూలు ముందు ఆగాయి. వాన. నాలుగు రోజులుగా అదే వాన. మేం పద్దెనిమిది మందిమి. గాలి నింపే పడవలు రెండు, తాళ్లు, నలభై లైఫ్ జాకెట్లు, మూడు రేడియో సెట్లు, మా వరకు వారానికి సరిపడే రేషన్. స్కూలు గడ్డమీద ఉంది. ఊరు వాగు అవతల పల్లంలో ఉంది. మామూలు రోజుల్లో ఆ వాగు మోకాలి లోతేనట. మేం చూసేసరికి రెండు వందల గజాల వెడల్పున ఎర్రగా పారుతోంది.

మాది బచ్చన్నపేట. చెరువు నిండితే పని మానుకుని చూడటానికి పోయే మెట్ట మనుషులం. సర్వీసులో మంచు చూశాను, ఇసుక చూశాను. ఇంటికి ఇంత దగ్గర్లో అన్ని నీళ్లు చూస్తాననుకోలేదు. మా పద్దెనిమిది మందిలో తెలుగు వచ్చినవాళ్లం ఇద్దరమే. హవల్దారునైన నేను, పడవ నడిపేవాడొకడు. వాడిది మహబూబాబాద్ దగ్గర తండా.

శనివారం సాయంత్రానికి ఊరంతా స్కూలుకు చేరింది, నూట అరవై మంది. ఒక్క రాజవ్వ తప్ప. డెబ్బై ఏళ్ల మనిషి, అవతలి ఒడ్డు దిబ్బమీద ఇల్లు, రెండు బర్రెలు. పడవ గుమ్మం దాకా తీసుకుపోయి బతిమాలాను.

"బర్లను ఇడ్సిపెట్టి నేనెట్లొస్త బిడ్డా? మీరు పోండ్రి. మా దిబ్బ ఎన్నడు మునగలే."

ఊరివాళ్లూ అదే మాట చెప్పారు. కెప్టెన్ సాబ్ సరే, ఉండనీ అన్నాడు.

ఆదివారం ఉదయం 8 గంటలకు రేడియో పలికింది. "ఎగువ చెరువు కట్ట జారుతోంది. సాయంత్రానికి తెగొచ్చు. ఒక్కరినీ వాగు దాటనివ్వొద్దు. ఓవర్."

సరిగ్గా ఆ రోజే పోచమ్మ బోనాలు. గుడి వాగు అవతల. తొమ్మిదింటికల్లా ఆడవాళ్లు నన్ను చుట్టుముట్టారు.

"అమ్మకు బోనం ఎక్కకుంటె ముద్ద ముట్టం, సారూ. పడవల తీస్కపోండ్రి. లేకుంటె మేమే పోతం."

బెదిరింపు కాదది. అప్పటికే నలుగురు మగవాళ్లు ఒడ్డున నిలబడి కర్రతో లోతు చూస్తున్నారు. కెప్టెన్ సాబ్ నన్ను పక్కకు పిలిచాడు. "చీకటి పడేదాకా వీళ్లను ఆపాలి. ఎలా ఆపుతావో నీ ఇష్టం."

"పండుగ ఇక్కడే చేద్దాం సాబ్," అన్నాను.

"దేనితో?"

మంచి ప్రశ్నే. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగురుతానన్నట్టు ఉంది మా సంగతి. మా మిలిటరీ లంగర్‌లో వండేవాడు సామాను ముందు పెట్టాడు. మా పద్దెనిమిది మంది బియ్యం, ఎనిమిది కిలోల బెల్లం, ఒక డబ్బా పసుపు, కొంచెం నూనె. మేకపోతు మాట ఎత్తే పనే లేదు. మరునాటి నుంచి మాకు గంజే అని వాడు మొహం మాడ్చుకున్నాడు. కుండలు ఊళ్లోనే మునిగాయి. మేం తినే అల్యూమినియం గిన్నెలు తోమించి ఇచ్చాను.

"గిండ్లనా బోనం?" అంది ఒకామె.

ఆమె పక్కనున్న ముసలామె గిన్నె అందుకుంది. "మునిగిన ఊరికి గిదే బంగారం. పసుపు తే."

పన్నెండింటికి పొయ్యిలు అంటుకున్నాయి. గిన్నెలకు పసుపు పూసి, వేపాకు కట్టారు. స్కూలు వెనక నాలుగు ఇటుకలు నిలబెట్టి పోచమ్మను చేశారు. పిల్లలు నవ్వుతుంటే నాకు గర్వం పట్టింది, దాచడం దేనికి. ఒక పెద్దాయన వరదలో డప్పు ఒక్కటే చంకన పెట్టుకొచ్చాడు. దాన్ని మంటకు కాపించాను.

"డ్రమ్ అవసరమా?" అన్నాడు కెప్టెన్ సాబ్.

"డప్పు లేకుంటే బోనం కదలదు సాబ్."

ఆ మాట అన్నది నేనే. 4:10కి డప్పు మోగింది.

ఇల్లలకగానే పండుగ కాదంటారు. 4:25కి స్కూలు కప్పుమీద కాపలా ఉన్నవాడు రేడియోలో పిలిచాడు. "నీళ్లలో మనిషి. అవతలి వైపు. నెత్తిమీద ఏదో వెలుగుతోంది."

రాజవ్వే అని అర్థమైంది. మా ఊళ్లోనూ అంతే కదా. డప్పు మోగిందంటే బోనాలు కదిలినట్టు. ఇంట్లో సిద్ధంగా ఉన్న ఆడమనిషి బోనం ఎత్తుకుని వాకిట్లోకి రావాల్సిందే. రాజవ్వ ఒంటరిగా తన బోనం వండుకుని, మా డప్పు విని బయల్దేరింది. డప్పు ఆపమని అరిచాను. ఆపారు. ఆమె ఆగలేదు.

పడవ నడిపేవాడు అప్పటికే మోటారు లాగాడు. మునిగిన పొలం కంచె అడ్డొచ్చి ఆమెకు పది గజాల దూరంలో పడవ ఆగిపోయింది.

"ఇగ ముందలికి పోదన్న. తీగ తాకితె పడవ చినుగుతది."

తాడు నడుముకు కట్టుకుని దూకాను. రేడియో మెడ దగ్గర అరుస్తోంది. "కట్ట తెగింది. వెనక్కి రండి. ఓవర్." రాజవ్వకు నీళ్లు రొమ్ముల దాకా వచ్చాయి. రెండు చేతులూ పైకెత్తి బోనం పట్టుకుంది. కాలికింద మట్టి జారుతోంది, కదలలేదు. తాడు అందించాను. పట్టుకోవడానికి చేతులేవి?

"అవ్వా, బోనం నాకియ్యి. తాడు పట్టుకో."

ఆమె నా మొహం చూసింది. "కాళ్లకు బూట్లున్నయా బిడ్డా?"

ఉన్నాయి. మిలిటరీ బూట్లు, పిక్కల దాకా. ఆ నీళ్లలో ఎవరికీ కనబడవు.

"ఇడ్సిన అవ్వా."

బోనం ఇచ్చింది. ఒక చేత్తో దాన్ని నా నెత్తిన పెట్టుకున్నాను. ఇంకో చేత్తో తాడు ఆమె చంకల కింద చుట్టాను. పడవ నడిపేవాడు లాగాడు. మేం ఒడ్డు ఎక్కిన ఐదు నిమిషాలకు నీళ్లు ఆ కంచె గుంజలను మింగేశాయి.

పడవ దిగేటప్పుడు నా బూట్లు చూసింది.

"అబద్దమాడినవ్."

"ఆడిన అవ్వా. డప్పు కొట్టించింది గూడ నేనే."

బూట్ల మైల తగిలిన బోనం తీసుకుని నీళ్లలో వదిలేసింది. ముందే ఊరివాళ్లతో స్కూలుకు వచ్చేసిన ఆమె కోడలు తన గిన్నెలోంచి సగం అన్నం ఆకులో పెట్టి ఇస్తే, అది ఇటుకల పోచమ్మ ముందు పెట్టి, ఆ తర్వాత తిన్నది. నాతో మళ్లీ మాట్లాడలేదు.

బుధవారం నీళ్లు తగ్గాయి. దిబ్బమీద ఇల్లు నిలిచే ఉంది, బర్రెలూ ఉన్నాయి. నేను రాకుంటే, డప్పు మోగకుంటే, ఆమె గడపలోనే క్షేమంగా ఉండేది. లారీలు జనగామ మీదుగా తిరిగి వెళ్తుంటే కెప్టెన్ సాబ్ నా భుజం తట్టి శభాష్ అన్నాడు. నాకు సిగ్గేసింది.

రిటైరై ఇంటికొచ్చి మూడేళ్లవుతోంది. శభాష్ అన్నవాళ్లందరికీ ఈ సంగతి ఇలాగే చెబుతాను. బూట్ల అబద్ధానికి నాకు బాధ లేదు, రేపైనా ఆడతాను. కానీ కళ్లు మూస్తే వరద కనబడదు. పసుపు పూసిన రెండు ముసలి చేతులు కనబడతాయి. నా మాట నమ్మి, వేలు తర్వాత వేలు వదులుతూ ఉంటాయి.