గడప దాటని ఉప్పు చేప

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, సముద్రంలో వేట నిషేధం మొదలైన వారంలో, జిల్లా సహకార సమాఖ్య నన్ను నెల్లూరు కార్యాలయం నుంచి జువ్వలదిన్నె పక్కనున్న ఎండు చేపల మహిళా సంఘానికి బదిలీ చేసింది. హోదా సీనియర్ సహాయ మేనేజరు. పని ఆన్‌లైన్ అమ్మకాల పర్యవేక్షణ. అంతకు ముందు ఇరవై తొమ్మిదేళ్లు నేను చూసినవన్నీ గిడ్డంగులే. ఆ వయసులో నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టడం ఒకరకంగా శిక్షేనని తోటివాళ్లు నవ్వుకున్నారు. నేను పట్టించుకోలేదు. సరుకు తలుపు దాటి బయటికి పోయిందా, లోపలే ఉందా అన్న సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్లు సమాఖ్యలో లేరని నా గట్టి నమ్మకం. మూడు వారాలు తిరక్కుండానే ఆ నమ్మకానికి పరీక్ష వచ్చింది.

ముందు ఈ అమ్మకం ఎలా సాగుతుందో చెప్పాలి. ఎక్కడో హైదరాబాదులోనో బెంగళూరులోనో ఒకరు ఫోనులో ఆన్‌లైన్ అంగడిలోని మా దుకాణం తెరిచి ఆర్డరు పెడతారు. అది మా కంప్యూటరులో కనబడగానే ఆపరేటరు శైలజ చిరునామా చీటీ తీసి షెడ్డుకు పంపుతుంది. షెడ్డులో పోలమ్మ, అంటే ప్యాకింగుకు పెద్ద, చేపను గాలి చొరని కవరులో పెట్టి, అట్టపెట్టెలో సర్ది, తూకం వేసి, పైన చీటీ అంటిస్తుంది. సాయంత్రం నాలుగింటికి కొరియరు బండి వస్తుంది. పెట్టెలు ఎక్కాక శైలజ కంప్యూటరులో 'పంపాం' అన్న మీట నొక్కాలి. నొక్కిన మరుక్షణం కొన్నవాళ్ల ఫోనుకు కబురు వెళ్తుంది.

ఏదైనా తేడా వస్తే కొన్నవాళ్లు ఫిర్యాదు పెడతారు. పెట్టె చిరిగిందనో, ఒకటి అడిగితే ఇంకొకటి వచ్చిందనో వచ్చే ఫిర్యాదులకు సర్దిచెప్పుకోవచ్చు. 'అసలు అందనే లేదు' అన్నది మాత్రం అన్నిటికంటే గడ్డు ఫిర్యాదు. నలభై ఎనిమిది గంటల్లో అది తేలకపోయినా, తప్పు మాదేనని తేలినా, మా దుకాణం పేరు పక్కన ఎర్ర గుర్తు పడుతుంది. దాన్ని మా ఆడవాళ్లు 'మచ్చ' అనేవారు. మూడు మచ్చలు పడితే దుకాణం మూత. నేను వచ్చేనాటికే రెండు పడి ఉన్నాయి. సంఘంలో ఇరవై ఇద్దరు సభ్యులు. నిషేధం రెండు నెలలూ మగవాళ్ల పడవలు ఒడ్డునే ఉంటాయి కాబట్టి, అప్పుడు ఆ ఇళ్లలో పొయ్యి వెలగాలంటే ఈ దుకాణం ఒక్కటే దిక్కు.

ఆ సోమవారం సాయంత్రం ఆరింటికి ఫిర్యాదు వచ్చింది. పెట్టినాయన హైదరాబాదులో ఉంటాడు. గురువారం ఉప్పు వంజరం చేప ముక్కలు ఆర్డరు పెట్టాడు. శుక్రవారం సాయంత్రం 'పంపాం' అన్న కబురు అందుకున్నాడు. సోమవారానికి చేరాలి, చేరలేదు. ఫిర్యాదుకు ముందు ఆ ఒక్క రోజులో ఆయన పెట్టిన సందేశాలు పదకొండు. మొదటిదాంట్లో 'ఎక్కడుంది?' అని మర్యాదగానే అడిగాడు. అయిదోదాంట్లో 'మనుషులేనా మీరు?' అన్నాడు. పదకొండోది వాయిస్ మెసేజీ. దాన్ని ఆఫీసులో అందరి ముందూ వినడం నా పొరపాటు. శైలజ చెవులు మూసుకుంది.

నాకు కోపం ఎక్కువ. అది దాచుకునే గుణమూ కాదు. మంగళవారం పొద్దున్నే ఆఫీసుకు వచ్చి, ఇది ముమ్మాటికీ కొరియరు వాళ్ల నిర్వాకమేనని తేల్చేసి, వాళ్ల సూపర్‌వైజరుకు ఘాటుగా ఒక ఉత్తరం టైపు చేసి పంపాను. 'బాధ్యతారాహిత్యం' అన్న మాట మూడుసార్లు వాడినట్టు గుర్తు. గంటలో ఆయన దగ్గర్నుంచి ఫోను వచ్చింది. మనిషి నెమ్మదస్తుడు. శుక్రవారం జాబితా తన ముందే ఉందనీ, మేము ఏడు పెట్టెలు రాసి ఆరే ఇచ్చామనీ, ఏడో గడిలో తమ మనిషి 'ఇవ్వలేదు' అని రాసి సంతకం కూడా పెట్టాడనీ చెప్పాడు. ఆ జాబితా నకలు మా ఆఫీసు ఫైల్లోనే ఉంది. నేను చూసుకోలేదు. గిడ్డంగులు చూసిన మనిషిని, ముందు సొంత గిడ్డంగి చూసుకోకుండా పరాయివాళ్ల మీద విరుచుకుపడ్డాను. ఫోనులోనే క్షమించమని అడిగాను.

నేరుగా షెడ్డుకు నడిచాను. పోలమ్మ ఉప్పు బస్తాల పక్కన కూర్చుని నెత్తళ్ల చేపలు ఏరుతోంది. శుక్రవారం హైదరాబాదు పెట్టె ఏమైందని అడిగాను.

"యాడికి పోతాది మేడమా, ఈడ్నే ఉండాది," అని వెనకున్న బల్ల మీద గుడ్డ తీసి చూపించింది. చీటీ చెక్కుచెదరలేదు. పెట్టెకు పసుపు బొట్టు కూడా పెట్టి ఉంది.

ఎందుకు పంపలేదంటే ఆమె నా వైపు వింతగా చూసింది. ఆ శుక్రవారం కొరియరు బండికి కావలి దాటాక టైరు పంక్చరైంది. నాలుగింటికి రావాల్సింది పొద్దుగూకాక వచ్చింది. అప్పటికే షెడ్డులో దీపం పెట్టేశారు.

"శుక్రారం పూట, దీపం పెట్టినాక, ఉప్పు గడప దాటిస్తామా మేడమా? లచ్చిమి లేచిపోదా? ఉప్పు లేని నెత్తళ్లు, రొయ్యపప్పు అన్నీ ఇచ్చినా. ఉప్పు పట్టినది ఇదొకటే. రేప్పొద్దున రా అబ్బయా అని బండాయనతో చెప్పినా గదా."

చెప్పిన మాట నిజమే. శనివారం ఆమె పెట్టె ఇవ్వబోతే, ఇది నిన్నటి జాబితాలోది, ఇవాళ్టిదాంట్లో ఈ నంబరు లేదని కొరియరు మనిషి తీసుకోలేదు. ఆయనకూ ఆయన నిబంధన ఉంది. ఆదివారం సెలవు. సోమవారం బండి వచ్చినప్పుడూ ఇదే కథ. ఈ గొడవ ఆఫీసుకు చెప్పాలని ఆమెకు తోచలేదు. ఇక శైలజ, శుక్రవారం నాలుగింటికే అలవాటు కొద్దీ ఏడు పెట్టెలకూ 'పంపాం' నొక్కేసి బస్సు అందుకోవడానికి వెళ్లిపోయింది. ఎవరి లెక్కలో వాళ్లు తమ పని సరిగ్గానే చేశారు. నా వరకు వస్తే, 'పంపాం' నొక్కేటప్పుడు పెట్టె ఎక్కడుందో చూడమని ఎవరికీ చెప్పని తప్పు నాది.

శైలజ తెలివైన మనిషి. కొరియరు ఆలస్యమని రాసేద్దాం మేడం అంది. దారిలో జరిగిన ఆలస్యం అమ్మినవాళ్ల ఖాతాలో పడదు, మచ్చ రాదు. పంక్చరైన మాట ఎలాగూ నిజమే కదా అని కూడా అంది. నిజం చెప్పాలంటే ఒక్క నిమిషం ఆలోచించాను. ఇరవై ఇద్దరి పొయ్యిల సంగతి మరి. గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్న పోలమ్మ ముఖం పాలిపోయింది. "నా వల్ల కొట్టు మూతపడితే నేను ఈళ్ల మొకం ఎట్టా చూసేది మేడమా?" అంది. ఆమెను అలా చూడటం నాకు కష్టమనిపించింది. అయినా షెడ్డులో బల్ల మీద ఉన్న పెట్టెను దారిలో ఉందని రాయడం నా వల్ల కాలేదు. సర్వీసంతా ఉన్నది ఉన్నట్టు రాసి, చివరి రెండేళ్ల కోసం చెయ్యి వంకర తిప్పుకోలేను.

హైదరాబాదు ఆయనకు ఫోను చేశాను. రెండు నిమిషాలు ఆయన తిట్టాడు, నేను విన్నాను. ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, పెట్టె మా షెడ్డులోనే ఉంది, కదల్లేదు, పంపామని మేము ఇచ్చిన కబురు తప్పు అని చెప్పాను. శుక్రవారం సంగతీ దాచలేదు. తరవాత నేను అడిగిన ప్రశ్న, ఆ ఫిర్యాదు మొత్తంలో పనికొచ్చిన ప్రశ్న, ఒక్కటే. పెట్టె మీకు ఏ రోజుకు కావాలి సార్ అని.

గొంతు తగ్గించి చెప్పాడు. సొంతూరు చిల్లకూరు అట. "గురువారం మా నాయన సంవత్సరీకం. ఆయనకి ఉప్పు వంజరం పులుసంటే పాణం. వండి పెట్టాల. ఈడ దొరికేది ఆ రుచి రాదు. మీ ఆచారం నాకు తెలుసులేమ్మా, మా అమ్మ కూడా ఇచ్చేది గాదు. కానీ గురువారం పొద్దునకి నా వంటింట్లో లేకపోతే నాకు ఏ ఆచారమూ వద్దు," అన్నాడు.

కొరియరును నమ్ముకుంటే గురువారానికి చేరదు. పాత పెట్టె విప్పి, ముక్కలు మళ్లీ చూసి, కొత్త కవరులో బిగించాం. పోలమ్మా నేనూ ఆటోలో కావలి వెళ్లి, బస్టాండులోని పార్శిల్ కౌంటరులో హైదరాబాదు బస్సుకు వేశాం. కౌంటరు గుమాస్తా వాసన చూసి ముక్కు ముడిచాడు. "ఇంకో కవరు ఏసినాం నాయనా, నీ బస్సుకేం కాదు," అని పోలమ్మ వాదించి ఎక్కించింది. రసీదు ఫోటో, బస్సు బయలుదేరే వేళ, అక్కడ ఏ కౌంటరులో తీసుకోవాలో అన్నీ ఆయనకు పంపాను. బస్సు కదిలాక మాత్రమే 'బయలుదేరింది' అని రాశాను. నేనే వచ్చి తీసుకోవాలా అని విసుక్కుంటూ ఒక సందేశం పెట్టాడు. అవునండీ అని రాశాను.

బుధవారం పొద్దున తీసుకున్నట్టు కౌంటరు నుంచి తెలిసింది. కానీ ఫిర్యాదు అలాగే ఉంది. దాన్ని వెనక్కి తీసుకోవాల్సింది ఆయనే. అలా తీసుకోమని అమ్మినవాళ్లు అడగకూడదన్నది ఆన్‌లైన్ అంగడి నిబంధన. శైలజ ఒక్క మాట అడగమని బతిమాలింది. నేను వద్దన్నాను. ఫిర్యాదు కింద ఉన్న జవాబు గడిలో జరిగింది జరిగినట్టు ఆరు వాక్యాల్లో రాసి, తప్పు మాదని ఒప్పుకుని, రసీదు జతచేసి ఊరుకున్నాను. గడువు సాయంత్రం ఆరు. మధ్యాహ్నం నుంచి సంఘం ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆఫీసు వరండాలోకి చేరారు.

అయిదూ నలభైకి కంప్యూటరు తెర మీద ఫిర్యాదు గడి ఎరుపు నుంచి తెలుపుకు మారింది. కింద ఆయన రాసిన మూడు మాటలు ఉన్నాయి: 'అందింది. అబద్ధం చెప్పలేదు.' శైలజ గట్టిగా చదివింది. పోలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, రేపటి పెట్టెలు మిగిలున్నాయని షెడ్డుకు వెళ్లిపోయింది. నేను ఆ రోజు ఎంత గర్వపడ్డానో ఇన్నేళ్ల ఉద్యోగంలో మరెన్నడూ అంత పడలేదు.

మర్నాడు రెండు మార్పులు చేశాను. దుకాణం పేజీలో ఉప్పు చేప కింద, 'శుక్రవారం దీపాలు పెట్టాక ఉప్పు సరుకు బయటికి ఇవ్వం, శనివారం బయలుదేరుతుంది' అని రాయించాను. శనివారం జాబితాలో వాటిని మళ్లీ రాసేలా కొరియరుతో మాట్లాడాను. కొనేవాళ్లు నవ్వుతారని సమాఖ్యలో ఒకాయన అభ్యంతరం చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. ముందే చెప్పిన ఆలస్యానికి ఎవరూ కోప్పడరు. రెండోది, షెడ్డు గుమ్మం దగ్గర ఒక రిజిస్టరు పెట్టి, దానికి పోలమ్మ మాటతోనే 'గడప దాటినవి' అని పేరు రాశాను. పెట్టె బండి ఎక్కాక పోలమ్మ వేలిముద్ర, అది పడ్డాక శైలజ మీట. ఆ వరస తప్పడానికి వీల్లేదు.

సరుకు అందలేదన్న మనిషికి జవాబు చెప్పేవాళ్లు తెలుసుకోవాల్సినవి రెండే: అది ఇప్పుడు ఎక్కడుంది, వాళ్లకు ఏ రోజుకు కావాలి. మొదటిదానికి కంప్యూటరును కాదు, షెడ్డును అడగాలి. రెండోదానికి తిట్లు అయ్యేదాకా ఆగాలి. నేను పదవి దిగిన రోజున నా తరవాతి అధికారికి అప్పగించిన వస్తువుల జాబితాలో మొదట రాసింది ఆ రిజిస్టరునే. అందులో పెట్టె కదలకముందు పడిన వేలిముద్ర ఒక్కటీ లేదు.