సంతోషి కంకి తినని వానకాలం

చేవెళ్ల చౌరస్తాలో సావిత్రమ్మ మక్కకంకుల బండి తెలియనివాళ్లు తక్కువ. మొగుడు పోయినప్పటినుంచీ, అంటే పదిహేనేళ్లుగా, వానకాలం వచ్చిందంటే బొగ్గులు రాజేసి, విసనకర్ర ఊపుతూ వచ్చేపోయేవాళ్లందరినీ పలకరించేది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ముందు పళ్లు రెండూ ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉండేవి. ఆవిడకు అదేమీ పట్టేది కాదు.

ఆ పళ్లే కూతురు సంతోషికీ వచ్చాయి. సంతోషి మొయినాబాద్ దగ్గర ఇంజనీరింగ్ కాలేజీ ఆఫీసులో పనిచేస్తుంది. సాయంత్రం బస్సు దిగి బండి దగ్గరికి రాగానే, తల్లి ఏరి దాచిన లేత కంకి కాల్చి, ఉప్పూకారం నిమ్మచెక్కతో రుద్ది చేతిలో పెట్టేది. అది తిన్నాకే ఇద్దరూ ఆటో ఎక్కి ఆలూరులోని ఇంటికి పోయేవారు.

నిరుడు ఆషాఢంలో సంతోషి పళ్లు వరసకు తెచ్చుకుందామని మొయినాబాద్‌లో పళ్ల డాక్టరు దగ్గరికి పోయింది. తీగల క్లిప్పులు వద్దని, పళ్లకు తొడుక్కునే ప్లాస్టిక్ తొడుగులు తీసుకుంది. పెట్టుకున్నా ఎవరికీ కనిపించవు. రోజుకు ఇరవై రెండు గంటలు ఉంచుకోవాలి. తినేముందు తీసి, తిన్నాక పళ్లు తోముకుని మళ్లీ పెట్టుకోవాలి. రెండు వారాలకొక కొత్త జత. జత మారినప్పుడల్లా పళ్లు సలిపేవి, మెత్తటిది తప్ప ఏదీ నమలలేకపోయేది.

తల్లికి చెప్పలేదు. ఎట్లా చెప్తుంది? "అవ్వా, నువ్విచ్చిన పండ్లు నాకొద్దు" అన్నట్టు కాదూ! అంతా అయ్యాక చూపిస్తే సంబరపడుతుందిలే అనుకుంది. తెలివిగల పిల్లే, ఈ ఒక్కచోట తెలివి పనిచేయలేదు.

"ఇగో బిడ్డా, లేత కంకి" అంటే, "ఆకలైతలేదవ్వా" అనేది. కంకి కోసం తొడుగులు తీస్తే తల్లి చూస్తుంది. ఉంచుకుంటే మాట ముద్దగా వస్తుందని అంతకుమించి మాట్లాడేది కాదు. ఇంట్లో జొన్నరొట్టె పక్కకు జరిపి, పప్పన్నం నాలుగు ముద్దలు మింగి లేచేది. మొదట్లో సావిత్రమ్మ "పానం బాగలేదా? దవాఖానకు పోదమా?" అని వెంటపడింది. తర్వాత అడగడం మానేసింది. కంకి దాచడమూ మానేసింది. సంతోషికి అప్పుడు హాయిగానే అనిపించింది, పాపం.

వినాయక చవితి దాటిన వారానికి, మిట్టమధ్యాహ్నం, సావిత్రమ్మ బండి దగ్గరే కూలబడింది. దవాఖానకు చేర్చేలోపే ప్రాణం పోయింది.

మరునాడు, పక్క బండిలో పల్లికాయలు అమ్మే పద్మమ్మ వచ్చి సంతోషి పక్కన కూర్చుని ఏడ్చింది. "నాతోని ఒక్కదాంతోనే అన్నది బిడ్డా. 'ఆఫీసు నౌకరి చేసే పిల్ల పద్మా, నా బండికాడ నిలబడి తినాలంటే నామోషి అయితున్నట్టున్నది, నాతోని నోరిప్పి మాట్లాడుతలేదు కూడ, నేనే జర దూరముంట' అన్నది."

సంతోషికి కాదు అని అరవాలనిపించింది. వినాల్సిన మనిషి లేదు.

మూడోనాడు పిట్టకు పెట్టారు. తల్లిని పూడ్చిన బొంద దగ్గర ఆకులో అన్నం, కోడికూర, కాల్చిన కంకి ఉంచారు. పోయినవాళ్ల మనసులో కొరత ఉంటే కాకి ముట్టదంటారు. అప్పుడు సొంతవాళ్లు ముందుకొచ్చి ఆ కొరత తీరే మాట చెప్పాలి. కాకి రాదని సంతోషికి ఖాయంగా తెలుసు. రానప్పుడు అందరిముందూ తొడుగులు తీసి చూపించి, నామోషి కాదవ్వా అని చెప్పాలని దారిపొడుగునా మాటలు కూర్చుకుంది. ఆ ఒక్క మాట తల్లికి చేరాలి. అంతకుమించి ఆమెకేమీ అక్కర్లేదు.

జనం ఆకు దగ్గరినుంచి జరిగారో లేదో, కాకి వచ్చి వాలింది. తిన్నగా కంకినే పొడిచింది.

"ముట్టింది, ముట్టింది!" అన్నారు అందరూ. "బిడ్డమీద అలుగుతదా సావిత్రక్క?" అని పద్మమ్మ కళ్లొత్తుకుంది. అందరి మొహాలూ తేటపడ్డాయి. స్నానాలకు బయల్దేరారు.

సంతోషి అక్కడే నిలబడిపోయింది. తల్లి తన మాట కోసం ఆగనైనా లేదు. ఏమీ వినకుండానే మన్నించి పోయింది. చేయని తప్పుకు మన్నింపు దొరికితే మనిషి దాన్నేం చేసుకుంటుంది?

పద్మమ్మ వెనక్కి వచ్చి చెయ్యి పట్టుకుంది. "నడువు బిడ్డా."

"నేను నామోషి పడలే చిన్నమ్మా. పండ్లు సక్కగైతయని తొడుగులేసుకున్న. అందుకే తినలే." సంతోషి తొడుగులు తీసి అరచేతిలో పెట్టి చూపించింది.

పద్మమ్మ వాటినీ, పిల్ల మొహాన్నీ మార్చి మార్చి చూసింది.

"గీ ఒక్క మాట మీ అవ్వకు చెప్పకపోతివా బిడ్డా" అంది.