జాబితాలో మొదటి అంశం

రెండో వేవ్ తగ్గాక, ఆ వర్షాకాలంలో ఏడు సీట్ల పాత వ్యాన్ కోసం వెతికాం. బాపు కరోనా నుంచి బయటపడ్డాడు కానీ ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. అరగంట కూర్చుంటే అలసిపోయేవాడు. అయినా మా సొంతూరు సిరిసిల్ల వెళ్ళి తన అక్కను చూడాలని పట్టుబట్టాడు. రైలు వద్దని డాక్టరు చెప్పాడు.

నేను జాబితా లేకుండా కూరగాయలకు కూడా వెళ్ళను. ఈసారి నాలుగు అంశాలు రాశాను. వెనక సీట్లు మడిస్తే ఆరడుగుల చదునైన నేల ఉండాలి. తలుపు పక్కకు జరగాలి. ఏసీ గాలి చివరిదాకా రావాలి. ఆక్సిజన్ మిషన్‌కు కరెంటు పాయింటు కావాలి.

మగ్గాల పనికి రాష్ట్రం దాటి వలస వచ్చిన ఈ నగరంలోనే, అవతలి కొసన అమ్రోలిలో ఒక వ్యాన్ ఉందంటే మేముండే భేస్తాన్ నుంచి అమ్మ, బాపు, నేను ఆటోలో వెళ్ళాం. వెనక సీట్లు మడిచి టేపుతో కొలిచాను. ఆరడుగుల రెండంగుళాలు. నాలుగింటికీ టిక్కు పడింది. అంతవరకు ఏ బండికీ అలా పడలేదు. నేను రాయనివి కూడా ఉన్నాయి. పైకప్పుకు ఒక కొక్కెం. కిటికీ కింద, పడుకున్న మనిషి చేతికి అందేలా ఒక ఇనుప కడ్డీ. దాని మీద పెయింటు ఒక్కచోటే పోయింది, నాలుగు వేళ్ళ వెడల్పున.

అమ్మ చెప్పులు విప్పి లోపలికెక్కింది. మగ్గాల నుంచి దిగిన తానుల్లో తెగిన దారాలు వెతకడం ఇన్నేళ్ళూ ఆమె పని. అలవాటుగా కళ్ళు మూసుకుని కొత్త మ్యాట్ మీద అరచేయి నడిపింది. రెండుచోట్ల చేయి ఆగింది.

"కింద గీతలున్నయి రా. రెండు."

మ్యాట్ ఎత్తాను. నేల రేకు మీద వెనక తలుపు నుంచి ముందు సీటు దాకా రెండు గాడులు. మధ్య దూరం స్ట్రెచర్ చక్రాలంత. నా జాబితాను నాకంటే ముందే ఎవరో రాశారు.

ఓనరు మాస్కు సర్దుకున్నాడు. "అప్పుడు అంబులెన్సులు దొరకలేదు కదా భాయ్. పేషంట్లను మోశాను," అన్నాడు హిందీలో.

"తర్వాత?"

"తర్వాత కూడా మోశాను."

ఎక్కడికని నేను అడగలేదు. ఈలోగా బాపు ఆ నేల మీద పడుకున్నాడు. "మంచిగనే ఉన్నది. కాళ్ళు సాపచ్చు." బాపు చేయి కడ్డీ మీద ఉంది, సరిగ్గా పెయింటు పోయిన చోట.

"దిగు ముందు," అంది అమ్మ.

"జర ఆగవే. నన్ను గుడ చెక్ చెయ్యి, ఎన్ని దారాలు తెగినయో."

అమ్మ నవ్వలేదు. ఓనరు వైపు తిరిగి తనకొచ్చిన హిందీలో అడిగింది, ఇందులో పోయినవాళ్ళు ఎవరైనా ఇంటికి తిరిగొచ్చారా అని. అతను వేళ్ళు మడిచాడు, విప్పాడు.

"ఒక్కడు. కూర్చుని వచ్చాడు."

బాపు కడ్డీ వదిలాడు. "సీటు లేపు రా," అన్నాడు.

ఆ వ్యానే కొన్నాం. మొదటి అంశం కొట్టేశాను. సిరిసిల్ల దాకా అరగంటకోసారి ఆగుతూ బాపు కూర్చునే వచ్చాడు. తల వాలినప్పుడల్లా అమ్మ భుజం తట్టి లేపింది. కడ్డీని నేను ముందురోజే విప్పేశాను. అయినా కునుకు పట్టినప్పుడు బాపు చేయి కిటికీ కిందికి పోయి, అక్కడ లేనిదాన్ని గట్టిగా పట్టుకోవడం బండి నడుపుతూ అద్దంలో చూశాను.