ఆనందమ్మ కొనుక్కున్న గుమ్మడికాయ

ఆనందమ్మకు ఒక జబ్బుంది. ఎవరి గడపా వట్టి చేతులతో తొక్కదు. దవాఖానలో తనకు కాన్పు చేసిన నర్సుకు జొన్నరొట్టెల మూట, కూతురికి లెక్కలు చెప్పిన సారుకు పొట్లకాయ, బస్సు డిపో పక్కన పొయ్యి పెట్టుకోనిచ్చిన పెద్దమనిషికి అనపకాయలు. ఒకసారి ఇంటి కాగితం కోసం ఓ ఆఫీసుకు వెళ్లి, పనంతా అయ్యాక గుమాస్తా బల్ల మీద చిక్కుడుకాయల సంచి పెట్టింది. ఆయన అటూ ఇటూ చూసి, చెమటలు తుడుచుకుని, "అమ్మా, నీకు దండం పెడ్త. పైన కెమెరాలున్నయి, తీస్కపో" అని చేతులు జోడించాడు. చిక్కుడుకాయలు తినడానికి మనిషి అంత భయపడటం ఆనందమ్మకు ఇప్పటికీ అర్థం కాదు.

నన్నడిగితే తప్పు ఆమెది కాదు, పెంపకానిది. సిర్గాపూర్‌లో ఆమె తల్లి పొయ్యి వెలిగించే ముందు ఒక పిడికెడు గింజలు తీసి చర్చి కోసం వేరే కుండలో వేసేది. పిల్లలు ఇంకో రొట్టె అడుగుతున్న రోజుల్లో కూడా ఆ పిడికిలి చిన్నదయ్యేది కాదు. ఇక కోత పండుగ వచ్చిందంటే ఊరంతా ఇంట్లో పండినదాంట్లో మంచిది ఏరి చర్చికి తెచ్చేది. కందులు, జొన్న కంకులు, సొరకాయలు, కోళ్లు. ఆరాధన అయ్యాక వాటిని అక్కడే వేలం వేసేవాళ్లు. ఆ వేలంలో ఒక వింత ఉంది. సొరకాయను నలుగురూ పోటీపడి బజారు ధరకు ఎన్నో రెట్లు పెట్టి కొంటారు. కొన్నవాడు డబ్బు కట్టి, సొరకాయను మళ్లీ పీఠం దగ్గరే పెట్టేస్తాడు. మళ్లీ వేలం. అలా ఒక్క సొరకాయ మధ్యాహ్నం దాకా చేతులు మారుతూనే ఉంటుంది. ఆఖరున ఎవరో ఒకరు జాలిపడి ఇంటికి తీసుకెళ్లి వండుకుంటారు.

ఒక కరువు ఏడు ఆనందమ్మ తల్లి దగ్గర ఇవ్వడానికి ఈకలూడిన ముసలి కోడి ఒక్కటే మిగిలింది. దాన్ని చూసి పిల్లలు కిసకిసా నవ్వారు. ఆ ఏడు పండుగకు నారాయణఖేడ్ నుంచి పప్పుల వ్యాపారి శరణప్ప కూడా వచ్చాడు. నుదుట విభూతి, తలకు రుమాలు. చర్చి వాళ్లు కందులు తనకే అమ్ముతారని ఏటా వచ్చి ఒక మూల కూర్చునేవాడు. ఆయన ఆ కోడిని కొని, మళ్లీ పెట్టి, మళ్లీ కొన్నాడు. నవ్వులు ఆగిపోయాయి. ఆ రోజు తల్లి ముఖంలో వచ్చిన వెలుగు ఆనందమ్మ కళ్లలో అలాగే ఉండిపోయింది.

పెళ్లయ్యాక భర్త కాలేబుతో పట్నం పోయి కొన్నేళ్లు ఇటుకలు మోసింది. కాలేబు నడుము పట్టేసి ఇక బరువు ఎత్తలేనన్నాక ఇద్దరూ వెనక్కి సిర్గాపూర్ వచ్చేశారు. ఆనందమ్మ నారాయణఖేడ్ బస్సు డిపో పక్కన పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు కాల్చడం మొదలుపెట్టింది. డ్రైవర్లూ కండక్టర్లూ ఆమె రొట్టె తినకుండా బండి తీయరు. పొయ్యి ముందు కూర్చుని చదువుకునే కూతురు జీవితను చూసి, "ఏం చదువుతవే పొగలో?" అని ఎవరైనా అంటే ఆనందమ్మకు మండేది. "పొగ కండ్లకు పడ్తది, చదువుకు పడ్తదా?" అని రొట్టెను గట్టిగా చరిచేది.

ఆ పిల్ల చదివింది. పట్నంలో ప్రభుత్వ విశ్వవిద్యాలయం దాకా వెళ్లింది. సీటు వచ్చింది కానీ, అక్కడ ఉండటానికీ తినడానికీ పరిశోధనకూ ఖర్చు ఎలాగని భార్యాభర్తలు తలపట్టుకున్న రోజుల్లో జీవిత ఫోన్ చేసి, "అమ్మా, పరేషాన్ గాకు. మన శరణప్ప సేటు పేరు మీద పైసలున్నయంట, నాకు ఇస్తుండ్రు" అంది. ఆనందమ్మ పొయ్యి దగ్గరే కూలబడి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. కోడిని కొన్న చేయి ఇంత దూరం వస్తుందని ఎవరు అనుకుంటారు?

సంగతేమిటంటే, కంగ్టి వైపు చేలల్లో ఒక ఏడు కంది పంట నిలువునా ఎండిపోయినప్పుడు శరణప్ప ఆ విశ్వవిద్యాలయానికి వెళ్లి, "మనుషులకు డాక్టర్లున్నరు, గొడ్లకు డాక్టర్లున్నరు. మా కందులకు ఒక్క డాక్టరు లేడా?" అని అడిగాడట. ఉండొచ్చు గానీ జీతమివ్వడానికి నిధుల్లేవన్నారు. అయితే నేనిస్తానన్నాడు. అలా మెట్ట పంటల మీద పనిచేసే ఒక టీచరు జీతం, ఆమె దగ్గర చదివే పిల్లల ఖర్చు ఏటా శరణప్ప దుకాణం నుంచి వెళ్లడం మొదలైంది. విశ్వవిద్యాలయం వాళ్లు దానికి శరణప్ప పీఠమని పేరు పెట్టారు. ఆ టీచరే సుమంగళ మేడం. ఎండను తట్టుకుని బతికే కంది రకం కోసం ఏళ్లుగా వెతుకుతోంది. జీవిత ఆమె శిష్యురాలు.

శరణప్ప పోయినేడు పోయాడు. ఆయన ఒప్పుకున్న గడువు ఈ ఎండాకాలంతో అయిపోతుంది. కొడుకు శాంతకుమార్ దాన్ని పొడిగిస్తాడో లేదో ఎవరికీ తెలియదు. ఆస్తి అన్నదమ్ముల మధ్య పంపకాలైంది, వ్యాపారం మునుపటిలా లేదు. పొడిగించకపోతే సుమంగళ మేడం ఉద్యోగం పోతుంది, జీవిత పరిశోధన సగంలో ఆగుతుంది. దాతలకు కృతజ్ఞతగా విశ్వవిద్యాలయంలో సభ పెడుతున్నారు, శాంతకుమార్ వస్తున్నాడు, నువ్వూ వచ్చి రెండు మాటలు చెప్పమని కూతురు ఫోన్ చేసింది.

"నేనేం చెప్తనే? నాకు రొట్టెలు చేసుడు తప్ప ఏం తెలుసు?"

"థాంక్స్ చెప్పు, చాలు. ఇంకేం చెయ్యకు" అంది జీవిత. తల్లి జబ్బు ఆమెకు తెలుసు.

తెలిసినా ఏం లాభం? సభ రోజు పొద్దున బస్సు దిగిన ఆనందమ్మ చంకలో ఇంత పెద్ద గుమ్మడికాయ ఉంది. సిర్గాపూర్ పెంకుటింటి మీద పాకిన తీగది, పసుపుపచ్చగా, పొట్ట మీద చారలతో నిగనిగలాడుతోంది. కాలేబు దాన్ని తడిగుడ్డతో తుడిచి మరీ పంపాడు. విశ్వవిద్యాలయం గేటు దగ్గర కాపలా ఆయన, "ఏందమ్మా, ఎవలికన్న దిష్టి తీస్తవా?" అని అడిగాడు. జీవిత సిగ్గుతో చచ్చిపోయింది.

"అమ్మా, గిక్కడ గిట్ల ఇయ్యరే. సంచిల పెట్టి ఈడనే ఉంచు."

"ఇచ్చినాయన కొడుకు ముందల వట్టి చేతులతో నిలవడ్తనా? నువ్వు చదువుకున్నవ్, నేను చదువుకోలే. నా తీరు నాది."

సభలో శాలువాలు కప్పారు, పెద్దవాళ్లు పెద్ద మాటలు మాట్లాడారు. శాంతకుమార్ ముందు వరసలో ముళ్ల మీద ఉన్నట్టు కూర్చున్నాడు. పాపం, ఇక ఇవ్వలేనని చెప్పడానికే వచ్చాడు. ఆ మాట ముందు రోజే ఫోన్లో సుమంగళ మేడానికి చెప్పేశాడు కూడా. మేడం జీవితకు చెప్పింది, జీవిత తల్లికి చెప్పలేదు.

ఆనందమ్మను పిలిచారు. మైకు ముందు నిలబడగానే బస్సులో దారిపొడవునా నేర్చుకున్న రెండు మాటలూ ఎగిరిపోయాయి. చంకలోని గుమ్మడికాయను బల్ల మీద, పూలగుత్తుల మధ్య పెట్టింది.

"గిది మా ఇంటి కాయ. శరణప్ప సేటు పెట్టిన పీఠానికి ఇస్తున్న. ఇగ మీరు వేలం చెయ్యుండ్రి."

అని చేతులు కట్టుకుని నిలబడింది.

ఎవరూ కదల్లేదు. పెద్దాయన ఒకరు రాసుకొచ్చిన కాగితం తిరగేసి చూశారు, అందులో వేలం లేదు. వెనక కుర్రకారు కిసకిసా నవ్వారు. జీవిత రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఎవరైనా ఇచ్చింది తీసుకోకపోవచ్చు గానీ, పీఠం ముందు పెట్టిన కాయను ఎవరూ వేలం పాడకుండా వదిలేయడం ఆనందమ్మ పుట్టి ఎరగదు. ఈకలూడిన కోడి దగ్గర కూడా అలా జరగలేదు. ఆ నవ్వు మాత్రం అదే. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఐదు నూర్లు."

ముందు వరసలో శాంతకుమార్ చేయి లేచి ఉంది. లేచిన చేతిని చూసి ఆయనే ఆశ్చర్యపోయినట్టున్నాడు. మెల్లగా లేచి మైకు దగ్గరికి వచ్చాడు.

"చిన్నప్పుడు మా అప్ప నన్ను సిర్గాపూర్ చర్చికి తోల్కపోయెటోడు" అన్నాడు, తండ్రిని తలచుకుని. "ఒకసారి ఒక కోడిని కొన్నడు. ఇంటికి తెస్తడనుకున్న. మళ్ల ఆడనే పెట్టిండు. మళ్ల కొన్నడు, మళ్ల పెట్టిండు. కోడి కావాలని నేను ఒకటే ఏడుపు. వచ్చేటప్పుడు బండి మీద చెప్పిండు. ఇచ్చుడంటే ఒక్కసారి చేసేది కాదురా, ఒక్కడు చేసేది గూడ కాదు అని."

ఆనందమ్మ నోరు తెరిచి చూస్తోంది. ఆ కోడి తన తల్లిదని చెప్పబోయింది, ఆయన మాట ఆపలేదు.

శాంతకుమార్ హాలు వైపు తిరిగాడు. "నిజం చెప్తున్న. ఇయ్యాల నాతోని కాదని చెప్పనీకే వచ్చిన. అప్ప మోసినంత నేనొక్కన్నే మొయ్యలేను. ఇది ఉన్న మాట. నలుగురు పట్టుకుంటే నా పాలు నేను పడ్త." ఐదు నోట్లు బల్ల మీద పెట్టి, గుమ్మడికాయను ముందుకు జరిపాడు. "గుమ్మడికాయ మళ్ల వేలానికి పెట్టిన. చెప్పుండ్రి."

ఆయన మార్కెట్లో పెరిగిన మనిషి, గొంతు లేచిందంటే హాలు చివరిదాకా వినబడుతుంది. ముందు ఒక పాత విద్యార్థి పాడాడు. విత్తనాల కంపెనీ పెట్టుకున్నవాడట. కొని, మళ్లీ పెట్టేశాడు. తర్వాత ఒక రిటైరైన ప్రొఫెసరమ్మ. తర్వాత ఇద్దరు డాక్టర్లు పంతానికి పోయి ధరను ఎక్కడికో తీసుకెళ్లారు. ఇందాక నవ్విన కుర్రకారు పది మంది జేబులు దులిపి కలిసి ఒక వేలంపాట పాడారు. ఏటేటా ఇంత ఇస్తామని కొందరు అక్కడికక్కడే చెప్పారు. శాంతకుమార్ తన వాటా తానూ చెప్పాడు. సుమంగళ మేడం గుమ్మడికాయ వంక చూస్తూ, చెంపల మీద నీళ్లు తుడుచుకోవడం కూడా మరిచి కూర్చుంది. ఆమె ఉద్యోగం, జీవిత చదువు, ఎండను తట్టుకునే ఆ కందిమొక్క, మూడూ నిలబడ్డాయి.

ఇక చాలు, కాయను ఎవరికో ఒకరికి ఇచ్చేద్దామనుకుంటున్నప్పుడు ఆనందమ్మ కొంగుముడి విప్పింది.

"వెయ్యి" అంది.

జీవిత పరుగున వచ్చి చెవిలో, "అమ్మా, నీకేమన్న పిచ్చా? ఆ గుమ్మడికాయ మనదేనే!"

"ఇచ్చినంక మనదెట్ల అయితది?"

హాలంతా నిశ్శబ్దమైపోయింది. పేదరాలు, ఆమె మీద ఎవరు పాడతారు? అందరూ జాలిగా చూస్తూ చేతులు ముడుచుకున్నారు. ఆ నిశ్శబ్దం ఆనందమ్మకు నచ్చలేదు. ఇందాకటి నవ్వు కన్నా ఎక్కువ గుచ్చుకుంది.

"ఏంది, ఎవ్వరు పెంచరా? నా కాయ ఇలువ గంతేనా? పన్నెండు నూర్లు!" అని తన పాట మీద తానే పాడింది.

శాంతకుమార్‌కు అర్థమైంది. ముఖం సీరియస్‌గా పెట్టి, "పదమూడు" అన్నాడు. ఆనందమ్మ కళ్లు మెరిశాయి. "పద్నాలుగు." "పదిహేను." "ఏం సేటూ, నాతోనే పోటీయా? రెండు వేలు!" శాంతకుమార్ ఓడిపోయినట్టు రెండు చేతులూ పైకెత్తాడు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఆ నెల రొట్టెల మీద మిగిలిందంతా బల్ల మీద పెట్టి, ఆనందమ్మ తన గుమ్మడికాయను కొనుక్కుంది. ఇన్నేళ్లూ తీసుకున్న చేయి ఇచ్చే వాళ్ల వరసలో చేరింది. అంత సంతోషం ఆమె కూతురు పుట్టినప్పుడు కూడా పడలేదంటే నమ్మండి. దిగి వచ్చేటప్పుడు శాంతకుమార్ దగ్గర ఆగి, "ఆ కోడి మా అమ్మది, సేటూ" అంది. ఆయన వంగి ఆమె పాదాలు తాకబోతే ఆనందమ్మ గుమ్మడికాయ అడ్డం పెట్టి ఆపింది.

మధ్యాహ్నం నారాయణఖేడ్ బస్సులో గుమ్మడికాయను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కండక్టర్ ధర్మేందర్ రోజూ ఆమె రొట్టె తినేవాడే.

"ఆడోళ్లకు ఫ్రీ, నీకైతే జీరో టికెట్, అక్కా. కాయకు లగేజీ కొట్టాలె" అని నవ్వి, "మంచిగున్నది. పట్నంల కొన్నవా? ఎంతకిచ్చిండ్రు?" అన్నాడు.

"రెండు వేలు."

ధర్మేందర్ నోరు వెళ్లబెట్టాడు. "రెండు వేలా! అయ్యో అక్కా, నిన్ను నిండ ముంచిండ్రు గదా!"

ఆనందమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. జోగిపేట దాటేదాకా నవ్వుతూనే ఉంది. మర్నాడు పొయ్యి దగ్గర రొట్టెలోకి గుమ్మడికాయ కూర వండి, డిపోలో బండెక్కే ప్రతి డ్రైవరుకూ కండక్టరుకూ వడ్డించింది. ధర్మేందర్‌కు రెండుసార్లు వేసింది. పైసలు మాత్రం ఎవరి దగ్గరా తీసుకోలేదు.