లెక్కల మేస్టారు వల విసిరిన వైనం

దేవదానం గారు లెక్కల నుంచి పారిపోవడం ఒక పద్ధతి ప్రకారం సాగింది. పదో తరగతిలో లెక్కలు ఎలాగో గట్టెక్కగానే మోకాళ్ళ మీద కూర్చుని కృతజ్ఞతా ప్రార్థన చేశారు. ఇంటర్లో హెచ్‌ఈసీ, ఆ తర్వాత బీఏ, ఆపైన చరిత్రలో ఎమ్మే. ఇలా ఎక్కడా ప్లస్సూ మైనస్సూ ఎదురుపడని సందులు చూసుకుని నడిచారు. యుద్ధాల తేదీలు కూడా అంకెలే కదండీ అని ఎవరైనా ఆట పట్టిస్తే, వాటిని కూడాల్సిన, తీసెయ్యాల్సిన పని లేదుగా అనేవారు. మచిలీపట్నంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చేరి, హాయిగా జుట్టు నెరిపించుకున్నారు.

అలాంటి మనిషిని వెతుక్కుంటూ లెక్కలే అడ్రసు కనుక్కుని వచ్చాయి. బీఏ పిల్లలకి కొత్తగా 'సామాజిక శాస్త్రాలకు ప్రాథమిక గణితం' అని ఒక పేపరు వచ్చిపడింది. అందులో శాతాలు, సగటులు, గ్రాఫులు, శాంపిళ్ళు. కాలేజీలో లెక్కలు చెప్పే ఆయన అప్పటికే విజయవాడలో కోచింగ్ సెంటరుకి ఎగిరిపోయారు. ప్రిన్సిపాల్ సుబ్బారావు గారు ఆ పేపరు తీసుకొచ్చి దేవదానం గారి చేతిలో పెట్టారు. నాకెందుకండీ అంటే, పిల్లలు మీవాళ్ళే కదండీ అన్నారు. దేవదానం గారు చరిత్ర పుస్తకాల పక్కన ఒక లెక్కల గైడు పెట్టుకున్నారు.

పాపం, ఆయన ప్రయత్నం ఆయన చేశారు. తెల్లారి లేచి భార్య చూడకుండా యూట్యూబ్ పాఠం వినడం, అది మర్చిపోయేలోపు క్లాసుకి వెళ్ళి అప్పజెప్పడం. సగటు మాత్రం బాగా చెప్పారు. రాజుల పాలనాకాలాలన్నీ కలిపి భాగిస్తే, ఒకే ఒక్క రాజు ముసలివాడయ్యేదాకా సింహాసనం దిగకపోవడం వల్ల వచ్చిన సగటుకి ఏ రాజూ సరిపోలేదు. సగటు రాజనేవాడు పుట్టలేదమ్మా, వాణ్ణి మనమే తయారుచేస్తాం అన్నారు. పిల్లలు నవ్వారు. ఆ రోజు ఆయనకి అన్నం రుచిగా ఉంది.

తర్వాత రాండమ్ శాంపిల్ వచ్చింది. గైడులో ఉన్నది ఉన్నట్టు బోర్డు మీద రాశారు: సమగ్రంలోని ప్రతి యూనిట్‌కీ ఎంపికయ్యే అవకాశం సమానంగా ఉండాలి. రెండో బెంచీలో దుర్గ లేచింది. గిలకలదిండి పిల్ల, వాళ్ళ నాన్న సముద్రం మీద వేటకెళ్తాడు. అవకాశం సమానంగా ఉందో లేదో ఎలా తెలుస్తుందండీ అని అడిగింది. అది పరీక్షలో రాదమ్మా అన్నారు దేవదానం గారు. లెక్కలు రాని మేస్టార్లందరికీ ఆ వాక్యమే కోటగోడ.

ఆ గోడ ఎన్నాళ్ళో నిలిచేలా లేదు. కాలేజీకి తనిఖీ కమిటీ వస్తోందని కబురొచ్చింది. సుబ్బారావు గారు పిలిచి మెత్తగా విషయం చెప్పారు. కొత్త పేపర్ల మీద పిల్లల్నే అడుగుతారట. గైడు మాటలు కాకుండా సొంత మాటల్లో ఒక్కరైనా చెప్పకపోతే బీఏ ఎత్తేస్తారట. క్లాసు మొత్తం ఒక ఆటోలో పట్టేస్తుంది కాబట్టి ఎత్తెయ్యడం కూడా తేలికేనట.

"బీఏ లేకపోయాక మిమ్మల్ని మాత్రం ఏం చేసుకుంటామండీ" అన్నారాయన, టీ తాగుతారా అన్నంత మర్యాదగా.

కమిటీకి చూపించడానికి ఫీల్డ్ విజిట్ ఫోటోలు కూడా కావాలన్నారు. అదే వారం నాగాయలంక నుంచి దేవదానం గారి చెల్లెలు సరోజ ఫోన్ చేసింది. వాళ్ళ రొయ్యల చెరువు పట్టుబడికొచ్చింది, శాంపిల్ చూడ్డానికి కొనేవాళ్ళు వస్తున్నారు, నువ్వూ రా అన్నయ్యా అంది. శాంపిల్ అనే మాట వినగానే దేవదానం గారికి ప్రభువే పంపించాడనిపించింది. ఆటో మాట్లాడి క్లాసు మొత్తాన్నీ ఎక్కించారు.

రొయ్యల బేరంలో కౌంట్ అంటే కేజీకి ఎన్ని తూగుతాయన్నది. కేజీకి తక్కువ రొయ్యలొస్తే రొయ్య పెద్దదన్నమాట, ధరా ఎక్కువే. చెరువంతా ముందే పట్టి చూడలేరు కాబట్టి, వల విసిరి నాలుగు గుప్పెళ్ళు తీసి తేలుస్తారు. సరోజ మొగుడు నతానియేలు ముందుగా మేత పడే చోట విసిరాడు. చూపుడువేలంత రొయ్యలు గంతులేశాయి. కొనడానికొచ్చిన వెంకటరమణ నవ్వి, గాలి ఆడని మూలకి వెళ్ళి విసిరాడు. అగ్గిపుల్లల్లాంటి రొయ్యలు పడ్డాయి. నువ్వు పట్టినవి మేతకి మరిగినవని వెంకటరమణ, నువ్వు పట్టినవి జబ్బుచేసినవని నతానియేలు గట్టు దద్దరిల్లేలా వాదించుకున్నారు. అలాంటప్పుడు ఇద్దరికీ కాని మూడో మనిషి చేత వల వేయించడం అక్కడి ఆనవాయితీ.

మా బావ ఉన్నాడు, లెక్కల మేస్టారు అన్నాడు నతానియేలు. లెక్కల మేస్టారు కనక తేడా రాదని వెంకటరమణ ఒప్పుకున్నాడు. బావ కనక తేడా వస్తుందని నతానియేలు ధీమా. వల చేతికిస్తూ చెవి దగ్గరకొచ్చాడు.

"బావా, మేత దగ్గరే పడాలి. క్రిస్మస్‌కి రొయ్యలు మీ ఇంటికొస్తాయి."

దేవదానం గారు తలూపారు. దాచడమెందుకు, ఆయన నిండు మనసుతో మోసం చేద్దామనే దిగారు. కాని విసురు వల పట్టుకుని ఎన్ని ఏళ్ళయిందో ఆయనకే గుర్తు లేదు. మొదటిసారి అది గొడుగులా విచ్చుకోకుండా తడిసిన పంచెలా ముద్దగా పోయి గట్టు పక్కనే పడింది. రెండోసారి గాలికి మూల వైపు తిరిగింది. ఇంకోసారి నడిమధ్యలో. మేత చోటుకి గురిపెట్టిన ప్రతిసారీ చెరువులో ఇంకెక్కడో తేలింది. నతానియేలు దగ్గుతూనే ఉన్నాడు, గొంతు పోయేదాకా. పిల్లలు ఫోటోలు తీశారు. పడినవన్నీ ఒక బుట్టలో పోసి తూస్తే కౌంట్ ఇద్దరి మాటకీ మధ్యన, వెంకటరమణ వైపు కాస్త మొగ్గి నిలిచింది.

దాన్నే రాండమ్ అంటారు, రాసుకోండి అన్నారు దేవదానం గారు, ప్యాంటు పిండుకుంటూ. దుర్గ రాసుకోలేదు. వల పట్టిన చేతికేసి చూస్తూ నిలబడింది. ఆ మధ్యాహ్నం రొయ్యల చెరువు గట్టున అందరూ పప్పుచారుతో భోంచేశారు. నతానియేలు మాత్రం బావకి వడ్డించలేదు, పలకరించలేదు.

కమిటీ రానే వచ్చింది. కళ్ళజోడు పెట్టుకున్న ఒక మేడం సూటిగా ఆ పేపరే పట్టుకున్నారు. రాండమ్ శాంపిల్ అంటే ఏంటో ఎవరైనా చెప్పమంటే క్లాసంతా బెంచీల మీది గీతలు చదవసాగింది. గుమ్మంలో సుబ్బారావు గారు దేవదానం గారి వైపు, మనిషిని కాదు ఖాళీ కుర్చీని చూసినట్టు చూశారు. అప్పుడు దుర్గ లేచింది.

"చెరువుగలాయన వల వేస్తే పెద్ద రొయ్యలు పడ్డాయండి. కొనేవాళ్ళు వేస్తే చిన్నవి పడ్డాయి. ఎక్కడెయ్యాలో ఇద్దరికీ తెలుసండి. తెలిసినోళ్ళు వేస్తే చెరువు సంగతి తెలీదండి, వాళ్ళ మనసులో సంగతి తెలుస్తది."

"మరి ఎవరు వెయ్యాలి?"

"మా సారు వేశారండి."

"ఆయన ఎవరి పక్షం ఉండరనా?"

దుర్గ ఒక్క క్షణం దేవదానం గారి వైపు చూసింది. ఆ చూపులో క్షమాపణ ఉంది, కాని అబద్ధం చెప్పే ఉద్దేశం లేదు.

"కాదండి. మా సారుకి వల విసరడం రాదండి."

దేవదానం గారికి తన పెన్షన్ లేని భవిష్యత్తు కళ్ళముందు తిరిగింది. మేడం మాత్రం కుర్చీలో ముందుకి జరిగారు. ఒక్కసారి విసిరితే చాలదా అని అడిగారు.

"చాలదండి. అది ఒక్క చోటు సంగతే చెబుతది. మా సారు చాలాసార్లు విసిరారు. ఒక్కటీ అనుకున్న చోట పడలేదండి. అందుకే చెరువంతా తెలిసింది."

నవ్వు ఆపుకునేసరికి మేడం కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. రిపోర్టులో, పాఠాన్ని స్వయంగా ఆచరించి చూపే అధ్యాపకుడు అని రాసి వెళ్ళారు. బీఏ నిలబడింది. సుబ్బారావు గారు టీ తెప్పించారు. దేవదానం గారు ఆ మెప్పునీ టీతో పాటే పుచ్చుకున్నారు.

ఆ మాట నాగాయలంక దాకా పాకింది. సొంత చెల్లెలి మొగుడని కూడా చూడని మనిషనీ, ధర్మాత్ముడనీ చెరువుల వాళ్ళు చెప్పుకుంటున్నారట. తర్వాతి పంటకి వెంకటరమణ ఆయన్నే పిలిపించాలని పట్టుబట్టాడు. దాంతో నతానియేలుకి మాట కలపక తప్పలేదు. ఫోన్ చేసి, ఈ ఆదివారం రా బావా, వల విసరడం దగ్గరుండి నేర్పిస్తాను అన్నాడు.

దేవదానం గారు ఆ సంగతి క్లాసులో ఊరికే అన్నారు.

"నేర్చుకోకండి సార్" అంది దుర్గ. "నేర్చుకుంటే శాంపిల్ పాడైపోద్ది."

పారిపోవడంలో ఆయనకి ఇంత అనుభవం ఉండనే ఉంది. సాయంత్రం నతానియేలుకి ఫోన్ చేసి, ఆదివారం చర్చి ఉంది బావా అని చెప్పి పెట్టేశారు.