ఎనిమిదో ఫారం

కుట్టే పుస్తకాన్ని చదవొద్దు. మొగిలయ్యకు బైండింగ్ పని నేర్పిన మేస్త్రీ మొదటి రోజే చెప్పిన మాట ఇది. చదవడం మొదలుపెడితే చెయ్యి ఆగుతుంది, చెయ్యి ఆగితే దారం వదులవుతుంది. ఆ మేస్త్రీ పోయి ఇరవై ఏళ్లయినా మొగిలయ్య ఆ మాట దాటలేదు. నాచారం పారిశ్రామికవాడలో ఒక ప్రెస్సు వెనక రేకుల షెడ్డులో కూర్చుని గైడ్లు, భజన పాటలు, సంఘాల సావనీర్లు, ఎవరెవరివో కవిత్వాలు వేలకు వేలు కుట్టాడు. వాటిలో ఏముందో అతనికి తెలియదు. అతను చూసేది కాగితం అడుగున ఉండే అంకెలే.

అచ్చయిన పెద్ద కాగితాన్ని మడిస్తే పదహారు పేజీలవుతుంది. దాన్ని ఫారం అంటారు. ఎన్నో ఫారమో తెలియడానికి దాని అడుగున ఒక అంకె అచ్చేస్తారు. పద్నాలుగు ఫారాలుంటే పద్నాలుగు దొంతరలు బల్ల మీద వరుసగా పెట్టుకుని, ఒక్కో దొంతరలోంచి ఒక్కోటి తీసుకుంటూ ఆ చివరిదాకా నడిస్తే ఒక పుస్తకం చేతికొస్తుంది. మళ్లీ మొదటికొచ్చి ఇంకోటి. బల్ల చుట్టూ అట్లా తిరిగీ తిరిగీ మొగిలయ్య ఎడమ మోకాలు అరిగిపోయింది.

అతని ఒక్కగానొక్క బిడ్డ సంతోషి ఆ బల్ల కిందే పెరిగింది. వంకర కోతకు పోయిన కాగితాల మీద అక్షరాలు దిద్దింది. మైదా జిగురులో పురుగు పట్టకుండా కలిపే మైలుతుత్తం నీలం వేళ్లకంటించుకుని తల్లి చేత దెబ్బలు తిన్నది. డిగ్రీ అయ్యాక దగ్గర్లోని మందుల కంపెనీ ప్యాకింగులో చేరింది. షిఫ్టు దిగి ఇంటికొచ్చి రెండేళ్లు ఏదో రాసింది.

ఒకరోజు తండ్రి అన్నానికి కూర్చున్నప్పుడు చెప్పింది.

"నాయినా, నేనొక నవల రాసిన. నువ్వే కుట్టాలె."

"దేని మీద బిడ్డా?"

"ఒకడు వరుసగా ఆడోళ్లను సంపుతుంటడు. కంపెనీల పనిజేసేటోళ్లను. వాడెవడో దొరకబట్టుడు."

మొగిలయ్య చేతిలో ముద్ద ఆగింది. "గివేం రాతలే? దేవుని మీద రాయరాదు?"

"దేవుడు రాత్రి షిఫ్టుకు రాడు నాయినా," అని నవ్వింది. "ఒక్కో అధ్యాయం సరిగ్గ పదహారు పేజీలు రాసిన. నీ ఫారం ఒక్కటి, నా అధ్యాయం ఒక్కటి. నీకు లెక్క తప్పకుంట."

అధ్యాయాలకు అంకెలు కూడా పెట్టలేదు. చంపిన చోటో, శవం దొరికిన చోటో పేరుగా పెట్టింది. ఉప్పల్, చిల్కానగర్, చెంగిచెర్ల, ఘట్‌కేసర్. పుస్తకం పేరు ‘రెండో సైరన్’.

అచ్చుకు ఇచ్చే నాటికి ఆమెకు జ్వరాలు మొదలయ్యాయి. ఫారాలు షెడ్డుకు వచ్చే నాటికి దవాఖానలో ఉంది. రక్తంలో రోగమన్నారు. పేరు పెద్దది, మొగిలయ్యకు నోరు తిరగలేదు.

ఫారాలు పేర్చుకుంటున్న రోజు పొద్దున్నే భార్య శ్యామలమ్మ దవాఖాన నుంచి ఫోన్ చేసింది. "బిడ్డ బుక్కు అడుగుతున్నది. ఇయ్యాల సూడాలెనంటున్నది. జల్ది తే." ఎనిమిదో దొంతర పెట్టబోతూ ఫోన్ ఎత్తాడు. ఫోన్ పెట్టేసి, తొందరతొందరగా దొంతరలు బల్ల మీద పెట్టడం ముగించి నడవడం మొదలుపెట్టాడు. మొదటి పుస్తకం చేతికి రాగానే పేజీల అంకెలు ఒకసారి తిప్పి చూడడం ముప్పై ఏళ్ల అలవాటు. ఆరోజు తిప్పలేదు. సాయంత్రానికి మూడు వందలు కుట్టాడు. కటింగ్ మిషను దగ్గర కూడా తొందరే. కత్తి కాస్త పైకి పడి, అడుగునున్న పేజీల అంకెలు, ఫారాల అంకెలు అన్నీ తెగిపోయాయి. అది మాత్రం అప్పుడే చూసుకున్నాడు. చూసుకుని తల కొట్టుకున్నాడు.

తడి ఆరని పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని దవాఖానకు పోతే, సంతోషి దాన్ని ముందు వాసన చూసింది.

"అంకెలు తెగినయి బిడ్డా," అన్నాడు మొగిలయ్య నేల చూస్తూ.

"అంకెలు లేకపోతేంది? సదివేటోళ్లకు కత గావాలె."

రెండు రోజులు పడుకునే చదువుకుంది. మూడో రోజు తండ్రి వస్తే పుస్తకం వెన్ను పట్టి గుంజి చూపించింది. "మస్తుగ కుట్టినవ్ నాయినా. పట్టి గుంజినా ఊడది." ఇంకో పదకొండు రోజులకు పోయింది.

* * *

చిల్కానగర్‌లో జనార్ధనరావు అద్దె పుస్తకాల షాపు ఉంది. ఆయనది గుంటూరు వైపు. అందరూ ఫోన్లలో చదువుకుంటున్నా ఆ షాపు మూయకుండా నడుపుతున్నాడు. చిరిగిన పుస్తకాలు మొగిలయ్యే కుట్టి ఇస్తాడు. ఆ షాపుకు ఒక ఆచారముంది. ప్రతి పుస్తకం చివర తెల్లకాగితం ఒకటి అతికిస్తారు. చదివినవాళ్లు అందులో తమ అభిప్రాయం రాయాలి. మెచ్చుకున్నా తిట్టినా సరే, దాన్ని చెరపకూడదు. తర్వాత వచ్చేవాళ్లు ముందు ఆ కాగితమే తిప్పుతారు.

బిడ్డ పోయిన నెలకు మొగిలయ్య ‘రెండో సైరన్’ ఒకటి ఆ షాపులో ఇచ్చి వచ్చాడు. తర్వాత పోయినప్పుడల్లా అడిగేవాడు.

"బిడ్డ బుక్కు ఉన్నదా సారూ? ఏం రాసిన్రో సూత్త."

"బయటికెళ్లిందయ్యా మొగిలయ్యా. ఎవరో తీసుకున్నారు."

ఎప్పుడు పోయినా అదే జవాబు. బుక్కు షాపులో నిలవడం లేదని మొగిలయ్య లోపల్లోపల పొంగిపోయేవాడు. ఇంటికొచ్చి భార్యకు చెప్పేవాడు. "మన సంతోషి బుక్కు ఖాళీగ ఉంటలేదు." శ్యామలమ్మ లేచి బిడ్డ ఫోటో ముందు దీపం వత్తి సరిచేసేది.

ఆరు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం, జనార్ధనరావు పంపిన చిరుగుల కట్ట విప్పుతుంటే, అందులో ‘రెండో సైరన్’ కనపడింది. వెనక అతికించిన కాగితం ఊడి వేలాడుతోంది. జనార్ధనరావు చూసుకోకుండా కట్టలో కలిపేసినట్టున్నాడు. మొగిలయ్య చేతులు తుడుచుకుని ఆ కాగితం పట్టుకున్నాడు. ఐదో తరగతి చదువు. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు.

‘హంతకుడెవరో చెప్పేశాక, తర్వాతి అధ్యాయంలో మళ్లీ ఎవరా అని ఊరించడమెందుకు?’

‘ఇన్‌స్పెక్టర్‌కు మతిమరుపు జబ్బు. వాడు దొరికాక మళ్లీ వెతుకుతాడు.’

‘రైలుపట్టాల పక్కన శవమై దొరికిన రాజశ్రీ, తర్వాతి అధ్యాయంలో తలుపు తీసి, వచ్చినవాడికి మంచినీళ్లిస్తుంది. దయ్యం కథ అని అట్ట మీద వేయాల్సింది. – స్నిగ్ధ’

దాని కింద ఇంకెవరిదో చేతిరాత: ‘నీళ్లు చల్లగా ఉన్నాయా?’

‘కంపెనీల మధ్య చీకటిని బాగా రాసింది. బుర్ర మాత్రం పెట్టలేదు.’

అన్నిటికన్నా కింద, గుండ్రటి అక్షరాల్లో: ‘తొలి నవల రాసేవారు రాశాక ఒకసారి తిరిగి చదువుకోవాలి. ఈ అమ్మాయి చదువుకున్నట్టు లేదు. – రిటైర్డ్ ఉపాధ్యాయిని.’

మొగిలయ్య ఆ చివరి మాట దగ్గర చాలాసేపు ఆగాడు. తన బిడ్డ చదువుకోలేదా? కాగితం మీద కాగితం కొట్టివేసి, మళ్లీ రాసి, వేళ్లు నొప్పి పుట్టి ఉప్పునీళ్లలో పెట్టుకున్న పిల్ల తన రాత తాను చదువుకోలేదా?

ఆరోజు మేస్త్రీ మాట దాటాడు. పని పక్కన పెట్టి బిడ్డ పుస్తకం మొదటి పేజీ తెరిచాడు.

మూడు రోజులు చదువుతూనే ఉన్నాడు. కంపెనీ బస్సు ఎట్లా ఆగుతుందో, రెండో సైరన్ మోగాక గేటు ముందు ఆడవాళ్లు ఎట్లా గుంపు కడతారో, ఒక్కత్తే మిగిలిపోయిన పిల్ల చెప్పుల చప్పుడు తనకే ఎట్లా వినపడుతుందో అంతా చదివాడు. బిడ్డ రోజూ ఇట్లానే వచ్చేదని అతనికి మొదటిసారి తెలిసింది. బస్సు దిగాక రోజూ ఇంటిదాకా ఉరికొచ్చేది. ఆకలి మీద ఉరికొస్తుందనుకున్నాడు అప్పట్లో.

నాలుగో రోజు ‘ఘట్‌కేసర్’ అధ్యాయానికి వచ్చాడు. రాజశ్రీ శవం దొరికింది. చంపినవాడు కంపెనీ బస్సు డ్రైవరని ఇన్‌స్పెక్టర్‌కు తెలిసిపోయింది. పేజీ తిప్పితే ‘చెంగిచెర్ల’. రాజశ్రీ తలుపు తీసింది. డ్రైవర్ దాహమన్నాడు. ఆమె నీళ్ల చెంబు అందించింది.

మొగిలయ్య అక్కడ ఆగిపోయాడు. చదివే కన్ను కాదు, ముప్పై ఏళ్లు ఫారాలు కూర్చిన కన్ను ఆగింది. పుస్తకం వెన్ను దగ్గర ఒక్కో ఫారం మడత వేలితో లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. చెంగిచెర్ల తొమ్మిదోది. ఘట్‌కేసర్ ఎనిమిదోది. ప్రెస్సులో దాచే విడి ఫారాలకు కోత పడదు. లోపలికి పోయి అవి తీశాడు. చెంగిచెర్ల అడుగున ఎనిమిది అంకె నల్లగా ఉంది.

దవాఖాన నుంచి ఫోన్ వచ్చిన పొద్దు గుర్తొచ్చింది. ఎనిమిదో దొంతర చేత్తో పట్టుకునే ఫోన్ ఎత్తాడు. దాన్ని ఎక్కడో పెట్టాడు. తొమ్మిదోదాన్ని తెచ్చి ఖాళీలో పెట్టాడు. చచ్చిన మనిషిని లేపింది సంతోషి కాదు, తాను. ఒక్క పుస్తకంలో కాదు, మూడు వందల్లో. అంకెలు కూడా తానే కోసేశాడు. తప్పు ఎవరిదో తెలిసే దారి కూడా మిగల్చలేదు.

ఇంటికి పోయి, ఫోటో కింద గుడ్డలో చుట్టిపెట్టిన సంతోషి పుస్తకం తీశాడు. ఆమె దవాఖానలో చదివిన కాపీ అది. ఘట్‌కేసర్ మొదలైన పేజీలో, అడుగున ఎడమ మూలకు, పెన్సిలుతో చిన్నగా 9 వేసి ఉంది. చెంగిచెర్ల దగ్గర 8. తండ్రి ఫారాల మీద వేసుకునే తీరులోనే, అదే మూలకు.

"శ్యామలా," అన్నాడు. "బిడ్డకు దెల్సు."

శ్యామలమ్మకు చదువు రాదు. అంకెలు వచ్చు. ఆ రెండు అంకెలూ చూసి, అతను చెప్పిందంతా విని, పుస్తకాన్ని మళ్లీ గుడ్డలో చుట్టింది.

"పక్క బెడ్డోళ్లందరికి సూపెట్టింది గా బుక్కు," అన్నది. "మా నాయిన కుట్టిండు అని. నేను రాసిన అని ఒక్కలకు చెప్పలె."

* * *

మరునాడు పుస్తకం పట్టుకుని మొగిలయ్య చిల్కానగర్ పోయాడు. అతని చేతిలో ఏముందో చూడగానే జనార్ధనరావు ముఖం మాడిపోయింది.

"ఛ, కట్టలో కలిసిపోయిందా. చదివావా? నీకు కనపడకూడదనే దాచానయ్యా ఇన్నాళ్లూ."

"బయటికి వోయిందని జెప్పినవ్ గద సారూ."

"ఏం చెప్పమంటావు మరి? రెండు నెలల నుంచి ఒక్కరు ముట్టలేదు. ముందు ఆ కాగితం చూస్తారు, పక్కన పెట్టేస్తారు." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "పోనీ ఆ కాగితం పీకేయ్. కొత్తది అతికించు. నా షాపు, నా ఆచారం, నేనే తప్పుతా."

మొగిలయ్య తల అడ్డంగా ఊపాడు. జరిగింది చెప్పాడు. చెప్పడం అయ్యాక జనార్ధనరావు లేచి పోయి ఇద్దరికీ టీ తెచ్చాడు.

మొగిలయ్య అక్కడే, షాపు గడప మీద కూర్చుని దారం కోశాడు. ఎనిమిదో ఫారం ముందుకు తెచ్చి, తొమ్మిదోది వెనక్కి నెట్టి మళ్లీ కుట్టాడు. ప్రతి ఫారం అడుగున, తెగిపోయిన అంకెల చోట పెన్సిలుతో అంకె వేశాడు. తిట్లున్న కాగితాన్ని ఉన్నదున్నట్టే తిరిగి అతికించాడు. తర్వాత జనార్ధనరావు దగ్గర పెన్ను అడిగి, గుండ్రటి అక్షరాల కింద రాయడం మొదలుపెట్టాడు. సంతకం తప్ప ఇంకేం రాసి ఎన్నేళ్లయిందో.

‘ఈ బుక్కు కుట్టింది మొగిలయ్య. ఎనిమిది తొమ్మిది ఫారాలు కింద మీద పెట్టిన. తప్పు నాది. రాసిన పిల్ల చదువుకున్నది. ఇప్పుడు సరి జేసిన.’

"‘నా బిడ్డ’ అని రాయలేదేమయ్యా?" అడిగాడు జనార్ధనరావు.

"బిడ్డ అంటె జాలి పడి మంచిగ రాస్తరు సారూ. గది నాకొద్దు."

ఇంట్లో రెండు వందల అరవై కాపీలున్నాయి. రోజుకు ఐదారు విప్పి కుట్టసాగాడు. సంతోషి కాపీని మాత్రం విప్పలేదు. ఐదారు రోజులకోసారి షాపుకు పోయి అరలోకి చూసేవాడు. పుస్తకం పెట్టిన చోటే ఉండేది. ఇప్పుడు జనార్ధనరావు అబద్ధం చెప్పడం మానేశాడు. "ఎవరూ తీయలేదయ్యా" అనేవాడు.

నెల దాటాక పోతే అరలో ఆ చోటు ఖాళీగా ఉంది.

"ఆ స్నిగ్ధే తీసుకెళ్లింది," అన్నాడు జనార్ధనరావు. "ఉప్పల్ మెట్రో ఎక్కి రోజూ ఆఫీసుకు పోతుందే, ఆ పిల్ల. నువ్వు రాసింది చదివి నవ్వింది. ‘బైండర్ కూడా రివ్యూ రాస్తాడా అంకుల్’ అంది. అని, మళ్లీ ఏమనుకుందో, తీసుకెళ్లింది."

నాలుగు రోజుల తర్వాత పుస్తకం తిరిగొచ్చింది. మొగిలయ్య నిలబడే కాగితం తిప్పాడు. అతని వంకర అక్షరాల కింద కొత్త వాక్యాలు.

‘మళ్లీ చదివాను. రాజశ్రీ ఈసారి లేవలేదు. చదివిన మర్నాడు మెట్రో దిగి ఇంటిదాకా పరుగెత్తాను. నేను ముందు రాసింది పట్టించుకోకండి. – స్నిగ్ధ’

వేలు ‘లేవలేదు’ దగ్గర ఆగింది. జనార్ధనరావు అటు తిరిగి, సర్ది ఉన్న పుస్తకాలనే మళ్లీ సర్దాడు.

మొగిలయ్య పుస్తకం మూసి, వెన్ను పట్టి ఒకసారి గుంజి చూసి, అరలో పెట్టాడు. చిరుగుల కట్ట చంకలో పెట్టుకుని గడప దిగి, మళ్లీ వెనక్కి తిరిగాడు.

"సారూ, ఆ పిల్ల మల్లొస్తె జర అడుగున్రి. ఏ ఫారంల భయమైందో."